లారీ కడిగే మిషనూ, మామ వేపపుల్లా

ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నిటికీ కరువే గానీ అనుమానానికి మాత్రం ఏనాడూ కరువు లేదు. పాలామె చెంబు వంచితే నీళ్లెన్ని కలిపిందోనని అనుమానం. పోస్టుమాను నవ్వుతూ ఉత్తరం చేతికిస్తే ముందే చదివేసి ఉంటాడని అనుమానం. మబ్బు పడితే ఇది కురిసే మబ్బా, ఊరించి పోయే మబ్బా అని అనుమానం. (ఈ చివరిదాన్ని అనుమానం అనకూడదేమో. వరసగా రెండేళ్లు మబ్బులు మమ్మల్ని ఊరించి వేరే జిల్లాల దారి పట్టాయి.) ఇప్పుడు నేను కూరగాయల కొట్టు దగ్గర త్రాసు ముల్లు వైపు మెడ సాచి చూస్తుంటే మా ఇంట్లోవాళ్లు సిగ్గుపడి నాలుగడుగులు దూరంగా నిలబడతారు. వాళ్లనేమీ అనను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదని, ఒక పెద్దమనిషి దగ్గర పద్ధతిగా నేర్చుకున్న విద్య అని వాళ్లకెలా చెప్పేది? ఆ పెద్దమనిషి మా మేనమామ. ఆ విద్యకు పరీక్ష జరిగింది అరవైల నడుమ, సికింద్రాబాదులో ఒక నుమాయిష్‌లో, లారీలు కడిగే మిషను ముందు. మిఠాయిలూ రంగులరాట్నాలూ ఉండే నుమాయిష్ కాదు అది. మోటారు షెడ్లకు సామాన్లు అమ్మేవాళ్లంతా ఒకచోట చేరి పెట్టుకున్న వ్యాపార నుమాయిష్.

మా మామను ఊళ్లో అందరూ నీళ్ల మామ అనేవారు. ఆయన నీళ్లు చూసేవాడు. ఎవరన్నా బావి తవ్వుకోదలిస్తే ముందు ఆయనను పిలుచుకుపోయేవారు. ఆయన చెప్పులు విడిచి, పంగలా చీలిన వేపపుల్ల రెండు కొసలూ రెండు పిడికిళ్లలో పట్టుకుని, కళ్లు సగం మూసి, చేను మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవాడు. పుల్ల మూతి ఎక్కడ కిందికి వంగితే అక్కడ జల ఉన్నట్టు. ఆలేరు నుంచి మోత్కూరు దాకా ఆయన చూపిన బావులు చాలానే ఉన్నాయి. వాటిలో నీళ్లు పడినవి ఆయన పుల్ల మహిమ, పడనివి తవ్వినవాళ్ల తొందరపాటు. ("ఇంకో రెండు గజాలు దిగితే ఏంబోతుండె?" అనేవాడు, ఎండిన బావి గట్టు మీద నిలబడి, ఏమాత్రం తడబడకుండా.)

ఆలేరు దాటగానే రోడ్డు పక్కన ఆయన సొంత మెట్ట చెలక, అందులో ఆయన పుల్లే చూపిన బావి ఉండేవి. మొదటి ఏడు వానలు ఎగ్గొట్టాక ఆ బావి నీళ్లు పంటకు చాలవని తేలిపోయింది. పంటకు చాలని నీళ్లు లారీలు కడగడానికి చాలుతాయని మామకు తట్టింది. లారీ ఎక్కి నిలబడేలా రెండు రాతి కట్టలు కట్టించి, పైన తాటికమ్మలు కప్పించి, దానికి షెడ్డు అని పేరు పెట్టాడు. ఎడ్లు మోట గుంజుతుంటే నీళ్లు హౌజు తొట్టిలో పడేవి. మేం నలుగురం పనివాళ్లం ఆ నీళ్లు బకెట్లతో ముంచి లారీ మీద కొట్టి, కొబ్బరిపీచుతో రుద్ది, వెల్లకిలా కింద దూరి బరువు మోసే కమాను కట్టల సందుల్లో మట్టిని మేకులతో గీకేవాళ్లం. నలుగురిలో చిన్నవాణ్ని నేను. మెట్రిక్ రెండుసార్లు తప్పాను. మూడోసారి కూర్చుంటానంటే, "పేపర్లు దిద్దేటోళ్లకు నీ మీద ఏందో పగున్నది అల్లుడా, ఇగ వద్దు" అని మామే ఈ పనిలో పెట్టాడు. నాయిన పోయాక అమ్మా నేనూ మామ పంచనే ఉంటున్నాం. లారీలు కడిగినంత కాలం ఆ ఇంట్లో నేను పనివాణ్ని. కడగని రోజున ఊరికే కూర్చుని తినే మేనల్లుణ్ని. మా అత్త ఆ మాట ఎన్నడూ అనలేదు గానీ, అంటుందేమోనని నేనే రోజూ ఆమె మొహం చూసేవాణ్ని.

రెండో ఏడు కూడా వాన రాలేదు. పంట లేదు గనక మండికి ధాన్యం లేదు, ధాన్యం లేదు గనక లారీలకు లోడు లేదు. రూపాయి విలువ తగ్గించారని రోడ్డు మీద అందరూ చెప్పుకుంటుంటే మా అవ్వ, అంటే మామ తల్లి, కొంగుముడి విప్పి అందులో ఉన్న ఒక్క రూపాయి బిళ్లనూ అటూ ఇటూ తిప్పి చూసి, "గంతనే ఉన్నది గదరా" అంది. వచ్చిన ఒకటీ అరా లారీ కూడా కడిగించుకోకుండానే పోయేది. "వానొస్తే అదే కడుగుతది తియ్యి మామా" అనేవాడు డ్రైవరు. "గా వాన యాడున్నదో జెప్పు, నేనే పోయి తోల్కొస్త" అనేవాడు మామ. బావిలో నీళ్లు రోజురోజుకూ కిందికి పోతుంటే మోట తాడుకు అతుకు మీద అతుకు పడుతూ వచ్చింది.

అలాంటప్పుడు వచ్చింది ఆ కార్డు. దళసరి అట్ట, దాని మీద లారీ బొమ్మ. ఫలానా మైదానంలో నుమాయిష్ పెడుతున్నామని, లారీలు కడిగే కొత్త మిషను నడిపి చూపిస్తామని, తమరు తప్పక దయచేయాలని, చాయ్ ఉచితమని అచ్చువేసి ఉంది. నేను చదివి వినిపించాను. మామ కార్డు నా చేతిలోంచి తీసుకుని వెనకా ముందూ తిప్పి చూశాడు.

"నా పేరు వాళ్లకెవరు జెప్పిండ్రు?" అన్నాడు మామ.

"ముక్కుమొకం తెల్వనోడు చాయ పోస్త రమ్మంటాండంటే ఏందో మతలబున్నది కొడుకా," అంది అవ్వ. "తాసిల్ కచేరోళ్లేమో! చేను బాయి నీళ్లతోని లారీలు కడుగుతాండని నిన్ను పట్కునేటందుకు పిలుస్తాండ్రేమో!"

మామ ఆ కార్డును దూలం సందులో చెక్కి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాని వంక ఓరగా చూస్తూ మూడు రోజులు గడిపాడు. నాలుగో రోజు మాకు అలవాటైన డ్రైవరొకడు వచ్చి, ఆ పేరు ఇచ్చింది తనేనని ఒప్పుకున్నాడు. ఆ మిషనును తను కళ్లారా చూశాడట. ఒక్క మనిషి, చేతిలో తుపాకీ లాంటి గొట్టం, రెండు పీపాల నీళ్లు. లారీ అద్దంలా అవుతుందట. మామ కూర్చున్నవాడల్లా లేచాడు. మేం లారీకి పోసే నీళ్లలో రెండు పీపాలంటే నాలుగో వంతు కూడా కాదు. అదే నిజమైతే అడుగంటిన బావి కూడా వానాకాలం దాకా షెడ్డును నడుపుతుంది.

"నిజమైతే ఎడ్లనమ్మైనా తెస్త," అన్నాడు.

"అబద్ధమైతే?" అంది అవ్వ.

"అబద్ధమైతే నల్గురిలో నిలవెట్టి అడుగుత."

తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు సదువుకున్నోనివి. నీళ్లు కొలిసే పని నీది. నువ్వేం జెప్తే గదే ఖాయం" అన్నాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఒక్క మనిషి చాలు అన్న మాట అందరూ విన్నారు గానీ మిగతా ముగ్గురి సంగతి ఎవరూ అడగలేదు. ఆ ఒక్కడు నేను కానని నాకు తెలుసు. నాకంటే ముందు నుంచీ పిల్లలు గలవాళ్లు ముగ్గురున్నారు. మిషను వచ్చిందంటే మొదట ఇంట్లో కూర్చోవలసింది నేను. అది మోసపు మిషను కావాలని నేను మొక్కని దేవుడు లేడు. లోకంలో జనం మోసం జరగకూడదని మొక్కుకుంటారు, నేను జరగాలని మొక్కుకున్నాను.

జొన్నరొట్టెలూ పచ్చిమిరప తొక్కూ మూట కట్టుకుని, బావి లోతు కొలిచే సన్న తాడొకటి నా సంచిలో పెట్టుకుని, పొద్దుటి ప్యాసింజరులో సికింద్రాబాదు చేరాం. మైదానం గేటు దగ్గర ఒక గుమాస్తా బల్ల వేసుకుని, వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలో రాసి, అదే పేరు ఇంకో చీటీ మీద రాసి చొక్కాకు గుచ్చుతున్నాడు. మామ ఆగిపోయాడు.

"పేరెందుకు?"

"మర్యాద కోసం."

"మర్యాద జేసేటందుకు పేరెందుకయ్యా?" అని మామ కాసేపు ఆలోచించి, మా ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలీపటేలు పేరూ ఊరూ చెప్పేశాడు. (ఆ పటేలుకూ ఆయనకూ చెలక గట్టు దగ్గర పాత తగాదా ఒకటి ఉంది.) గుమాస్తా శ్రద్ధగా రాసుకున్నాడు. దాంతో ఆ రోజంతా ఎవరు "పటేల్ గారూ" అని పిలిచినా మామ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసేవాడు, నిజం పటేలే వచ్చాడేమోనని.

లోపల చూస్తే కరువు మాకంటే ముందే రైలెక్కి వచ్చి కూర్చుంది. సగం దుకాణాలు ఖాళీ. ఉన్నవాటిలో కొనేవాళ్ల కంటే అమ్మేవాళ్లు ఎక్కువ. మేం అడుగు పెట్టగానే ఇటు గ్రీజు డబ్బాలవాడు, అటు జాకీలవాడు చెరో చెయ్యీ పట్టుకుని "మా దగ్గరికి రండి, మా దగ్గరికి రండి" అని గుంజారు. మామ రెండు చేతులూ విడిపించుకుని ముందు జేబు తడుముకున్నాడు. ఎవరో చాయ్ కప్పులు చేతికిచ్చారు. "నువ్వు తాగు ముందుగాల" అన్నాడు నాతో. నేను తాగాను. ఆయన నా మొహం వైపే చూస్తూ కప్పు పట్టుకుని నిలబడి, నాకేమీ కాలేదని నమ్మకం కుదిరాక చల్లారిపోయిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు. మేనల్లుడి మీద అంత నమ్మకం.

మిషను మైదానం చివర ఉంది. చక్రాల బండి మీద ఆయిలింజను, పక్కన పంపు, పొడుగాటి రబ్బరు పైపు, దాని కొసన ఇత్తడి గొట్టం. వెనక బల్ల మీద రెండు పీపాలు, మూతలు బిగించి, పైన గుప్పెడు కంత మాత్రం వదిలి ఉన్నాయి. ముందు మట్టి పట్టిన లారీ. దాని పక్కన తెల్ల ప్యాంటు వేసి, మెడకు టై కట్టిన యువకుడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడేమో. పొద్దుటి నుంచీ అరిచి అరిచి గొంతు రాసుకుపోయింది పాపం, అయినా మమ్మల్ని చూడగానే మొహం వెలిగిపోయింది.

"రండి పటేల్ గారూ, రండి! రెండే రెండు పీపాలండీ. మీ కళ్లముందే కడిగి చూపిస్తానండీ."

మామ వెనక్కి చూసి, పటేలు లేడని ఊపిరి పీల్చుకుని, నా చెవిలో అన్నాడు: "మాట జూస్తే గోదారి దిక్కోని లెక్కున్నడు. వాళ్లకు నీళ్ల కరువేం తెల్సు? నీళ్లు మిగిలిచ్చే మిషను వాళ్లకేం అక్కర? జర జూడు, ఏందో ఉన్నది." ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు తెలియదు.

"మూతలెందుకు?" అన్నాడు మామ పీపాలు చూపించి.

"దుమ్ము పడకుండానండీ."

"దుమ్ము వడకుండ," అని మామ ఆ మాటనే మళ్లీ పలికి నా వైపు చూశాడు. తర్వాత లారీ దగ్గరికి పోయి, చక్రం పైనున్న మట్టిని గోటితో గీకి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నాలుక కొసకు అంటించుకున్నాడు. అక్కడ నా గుండె పొంగింది. ఎందుకంటే మట్టి విషయంలో మామను మోసం చేయగలవాడు పుట్టలేదు. "ఇది తొవ్వ మట్టి గాదు. చెర్ల మట్టి జల్లెడ వట్టి, పొద్దుగాల పూసిండ్రు. ఊదితే రాల్తది. గిట్లాంటిది కడిగేటందుకు మిషనెందుకు, మా అవ్వ ఉమ్మితె పోతది."

చుట్టూ ఈగలు తోలుకుంటున్న దుకాణాలవాళ్లు ఒక్కొక్కరే ఇటు జరిగారు. టై ఆయన మొహం ఎర్రబడింది గానీ మనిషి బెదరలేదు. "నిజమేనండీ. రోజూ కడుగుతుంటే మురికి లారీ ఎక్కణ్నించి తెచ్చేది? పూశామండి. మీకు నచ్చిన లారీ మీరే చూపించండి" అన్నాడు. గేటు బయట బొగ్గు దింపి నిలబడ్డ లారీని మామ చూపించాడు. నల్లగా, జిడ్డుగా, కమాను కట్టల్లో ఏడాది మట్టితో మేం నలుగురం పూటంతా గుంజులాడే లాంటి లారీ. దాన్ని తెప్పించి నిలబెట్టారు. నేను బల్ల ఎక్కి రెండు పీపాల కంతల్లోనూ తాడు దించి, నీళ్లు అంటిన చోట ముడి వేసుకున్నాను. రెండిట్లోనూ నీళ్లు ఒక్కతీరుగానే ఉన్నాయి. ఇంజను మొదలైంది.

ఏం చెప్పమంటారు! ఇత్తడి గొట్టం నుంచి వచ్చిన నీటిధార తాకిన చోటల్లా రంగు బయటపడింది. మా మేకులు అందని సందుల్లోంచి మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడి కింద పడింది. మట్టితో పాటు నా కొలువు కూడా ఊడి పడుతున్నట్టు చూస్తూ నిలబడ్డాను. ఇంజను ఆపాక బల్ల ఎక్కి మళ్లీ తాడు దించాను. ఒక పీపా ఖాళీ. రెండోదాంట్లో అడుగున ఇంకా జానెడు నీళ్లు మిగిలి ఉన్నాయి. టై ఆయన చెప్పింది నిజం. నిజానికి తక్కువే చెప్పాడు. అలవాటు కొద్దీ రెండో ముడి వేశాను. వేశాక అమ్మ గుర్తొచ్చింది, అత్త మొహం గుర్తొచ్చింది. జనానికి వీపు తిప్పి బొటనవేలితో ఆ ముడి విప్పేసి, తాడు సంచిలో కుక్కి కిందికి దిగాను.

"ఎంత దిగినయ్?" అన్నాడు మామ.

"దిగనే లేదు మామా. ఎక్కడియక్కడ్నే ఉన్నయ్."

చెప్పదలుచుకున్న అబద్ధం అది కాదు. రెండు పీపాలూ బొట్టు లేకుండా అయిపోయాయని, బొటాబొటిగా గట్టెక్కారని చెప్పి ఉంటే సరిపోయేది. మూత తీసి చూస్తే దొరికిపోతానన్న కంగారులో నోటికి ఏది వస్తే అది అనేశాను. కానీ మామకు అది అబద్ధంలా వినపడలేదు. లారీ కడిగితే నీళ్లు తగ్గాలి. తగ్గలేదంటే ఎక్కడి నుంచో వస్తున్నట్టు. ఆయన కళ్లు పీపాల మీద నుంచి మెల్లగా కింది నేల మీదికి దిగాయి.

"కిందికెంచి నింపుతాండు," అన్నాడు. "పైపున్నది."

ఆ తర్వాత ఆయన గేటు దగ్గరి వేపచెట్టు వైపు నడవడం, కాపలావాడు "ఏయ్, ఏయ్" అని కేకలు వేస్తుండగా పంగ పుల్ల ఒకటి విరుచుకోవడం, వచ్చి మిషను దగ్గర చెప్పులు విడవడం అన్నీ చకచకా జరిగిపోయాయి. పొద్దుటి నుంచీ ఒక్క బేరం తగలని నుమాయిష్ మొత్తం చుట్టూ మూగింది. గ్రీజు డబ్బాలవాడు జనాన్ని పక్కకు నెట్టి దారి చేశాడు. మామ కళ్లు సగం మూసి, లారీ చుట్టూ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. ఆ పుల్ల మీద నాకు మా ఊళ్లో ఎప్పుడూ అంత గురి లేదు, ఆ పూట మాత్రం వంగు తల్లీ వంగు అని నేను కూడా వేడుకున్నాను. లారీ వెనక, మైదానం గోడకు ఇవతల, పుల్ల మూతి ఠక్కున కిందికి తిరిగింది.

"గీడ," అని మామ మడమతో గీత గీశాడు. "మోకాటి లోతుల్నే. పారుతాంది."

టై ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కల్మషం లేదు, అందుకే నాకది ఇప్పటికీ గుర్తుంది. "పెద్దాయన గారూ, మా మిషనుకు ఈ పీపాలు తప్ప ఇంకేం లేదండీ. మీ అనుమానం ఎందుకుంచాలి? తవ్వి చూసుకోండి. గడ్డపార నేనే తెప్పిస్తాను" అని నిజంగానే తెప్పించాడు. ఎవరో నాలుగు పోట్లు పొడిచారు. ఐదో పోటుకు ఠంగుమంది. ఆరో పోటుకు నీళ్లు నిలువెత్తు లేచాయి.

రెండేళ్లుగా ఆకాశం నుంచి చుక్క పడని రోజులవి. నేలలోంచి నీళ్లు అంత ఎత్తున లేవడం చూసి జనం హో అని అరిచారు. చాయ్ కప్పులు, గ్రీజు డబ్బాల మూతలు, ఏది దొరికితే అది పట్టారు. మామ ఆ నీళ్ల కిందే నిలబడి మొహం కడుక్కున్నాడు. కళ్లు తుడుచుకుంటూ "నీళ్లు రా అల్లుడా, నీళ్లు!" అన్నాడు. మిషను సంగతి కాసేపు ఆయన కూడా మరిచిపోయాడనుకుంటాను. కాపలావాడు ఒక్కడే "అరె, గది తోట నల్లా పైపయ్యా! గోడకాడికి పోయే పైపు!" అని మొత్తుకున్నాడు. ఆ పైపు పీపాల వైపు పోవడం లేదని ఎవరు చూసినా తెలుస్తుంది. కానీ ఎవరు చూస్తారు? పైపు ఉందన్నాడు, పైపు దొరికింది. అంతే. "మోసం, మోసం" అన్నవాళ్లలో జాకీలవాడి గొంతు అన్నిటికంటే గట్టిగా వినిపించింది.

టై ఆయన తడిసిన టై పట్టుకుని జనాన్ని కలయజూసి, చివరికి నా దగ్గరికి వచ్చాడు. "తమ్ముడూ, నువ్వు తాడుతో కొలిచావు కదా. నువ్వు చూశావు. ఒక్క మాట చెప్పు తమ్ముడూ. ఈ నుమాయిష్‌లో ఒక్క మిషనన్నా అమ్మకపోతే నన్ను ఇంటికి పొమ్మంటారు."

నా లాగే అతనిదీ ఊడబోయే కొలువే అని అప్పుడు తెలిసింది. తెలిసి కూడా, "నాకు తెల్వదు సార్" అన్నాను. అతను నా వంక ఒక్క క్షణం చూసి, వెళ్లి పీపాల మూతలు తీయడం మొదలుపెట్టాడు, జనానికి చూపిద్దామని. అప్పటికి చూసేవాళ్లు లేరు, అందరూ నీళ్ల దగ్గర ఉన్నారు. నేను జీవితంలో చాలా పిచ్చిపనులు చేసి చాలావాటికి నవ్వుకున్నాను. ఈ ఒక్క మాట దగ్గర నాకు నవ్వు రాదు.

నుమాయిష్ పెద్దలు గొడుగులు వేసుకుని వచ్చి "తవ్వించిందెవరు?" అని అడుగుతుండగా మామ నా చెయ్యి పట్టుకుని గేటు వైపు లాగాడు. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. (వాటిని టై ఆయనే పగబట్టి దాచాడని మామ వాదన. ఆ హడావుడిలో ఆయనకు చెప్పులు దాచే తీరిక ఎక్కడిదని నేను అడగలేదు.) ఇంటికి చేరే లోపల మామ రైల్లో ఇద్దరికీ, స్టేషనులో ముగ్గురికీ ఆ కథ చెప్పాడు. చెప్పిన కొద్దీ పైపు లావెక్కింది. నెల తర్వాత మా మాలీపటేలుకు, మైదానంలో పైపు పగలగొట్టినందుకు సంజాయిషీ చెప్పుకోమని ఒక నోటీసు వచ్చింది. ఆ పటేలు జన్మలో సికింద్రాబాదు చూసినవాడు కాదు. ఆ కాగితం పట్టుకుని ఊరంతా తిరిగి, "ఇది నా మీద ఎవడో జేసిన కుట్ర" అన్నాడు. మామ కూడా సానుభూతిగా తల ఊపి, "ఎవడై ఉంటడంటవ్ పటేలా?" అని అడిగాడు.

మిషను కొనలేదు. నా కొలువు నిలిచింది, సరిగ్గా ఆ ఎండాకాలం మధ్య దాకా. ఒకరోజు మోట బొక్కెన నీళ్లకు బదులు బురద తెచ్చింది. మర్నాటికి అదీ లేదు. రెండు పీపాల నీళ్లతో నడవగలిగే షెడ్డు ఉండి ఉంటే వానల దాకా ఈడ్చేవాళ్లమే. నా ఒక్కడి కొలువు కాపాడుకోబోయి నలుగురి కొలువూ పోగొట్టాను. మేత దొరకక ఎడ్లను కూడా ఎలాగూ అమ్మేశారు. పిల్లలు గల ముగ్గురూ తలా ఒక దిక్కు కూలికి పోయారు. నేను సికింద్రాబాదు పోయి ఒక మోటారు షెడ్డులో చేరాను. మొదటి రోజే యజమాని నా చేతికి ఇత్తడి గొట్టం ఇచ్చాడు. అదే మిషను. లారీ కడిగి పీపాలోకి తొంగి చూస్తే అడుగున జానెడు నీళ్లు మిగిలి ఉన్నాయి. ఆ మిషను బాగుచేయడానికి కంపెనీ మనుషులు ఎప్పుడొచ్చినా టై ఆయన గురించి అడిగేవాణ్ని. అలాంటి మనిషి ఒకడుండేవాడని, ఆ ఏడే మానేసి ఊరికి వెళ్లిపోయాడని ఒకతను చెప్పాడు. మానేశాడా, మాన్పించారా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఈ సంగతి మామకు చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. అప్పటికి ఆయన ముసలివాడయ్యాడు. పట్నం దవాఖానాలో కంటి ఆపరేషను చేయించుకుని, రెండు కళ్లకూ కట్టుతో మా ఇంట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆయన నా మొహం చూడలేడన్న ధైర్యంతో పీపాల సంగతి, ముడి సంగతి, అబద్ధం సంగతి మొత్తం చెప్పేశాను. నా వల్లే షెడ్డు పోయిందన్నాను.

మామ చేత్తో కంటి కట్టు సర్దుకున్నాడు.

"నాకెర్కనే," అన్నాడు.

"ఎట్ల మామా?"

"రైల్ల గా తాడు నేనే చుట్టిన గద. ముడి ఇప్పినకాడ వంకర వోలేదు. రెండో ముడి యాడ వడ్డదో చేతికి తెలుస్తనే ఉండె."

"మరి గప్పుడే ఎందుకడగలే?"

"ఏమని అడగాలె రా? గంతమంది ముందట నా పుల్ల గెలిసింది. నీ తాడు మాట వట్టుకుంటే నా పుల్ల ఇజ్జతేంగావాలె?" అని నవ్వాడు. "షెడ్డు నీతోని పోలే, నాతోని పోయింది. నువ్వు ఉత్తగనే ఫికర్ వెట్టుకున్నవ్. పండుకో పో."

నేనూ నవ్వాను. ఇరవై ఏళ్ల బరువు దిగిపోయినట్టయింది. ఆ గదిలోంచి బయటికి వచ్చి, చేతులు కడుక్కుంటుండగా నెమ్మదిగా గుర్తొచ్చింది. ఆ రోజు రైల్లో తాడు నా సంచిలోనే ఉంది. ఆ సంచిని నేను ఆలేరు దాకా ఒళ్లోంచి దించలేదు, ఎవరన్నా చూస్తారన్న భయంతో. మర్నాడు తెల్లవారగానే పోయి ఆ తాడును బావిలో పారేశాను. దాన్ని మామ చుట్టింది ఎప్పుడు? ముట్టింది ఎప్పుడు?

వెనక్కి పోయి అడుగుదామని గుమ్మం దాకా వెళ్లాను. మామ కళ్లకు కట్టుతో అలాగే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఏ మాటనూ గోటితో గీకి, వాసన చూడకుండా నమ్మని మనిషి. నా మాట మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మి షెడ్డు పోగొట్టుకున్నాడా, లేక నిజంగానే అంతా తెలిసి ఊరుకున్నాడా? అడిగితే తేలిపోయేది. అడగలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఈ ఒక్క అనుమానాన్ని మాత్రం నేను అలాగే ఉంచుకున్నాను.